డప్పుకు సిర్ర ఏ కట్టెతో?

దసరా దగ్గర పడ్డది. ఊరూర డప్పు దళాలు కొత్త తోలు కట్టించుకుంటున్నయి. తోలుకు, వలయానికి పైసలు ఖర్చు పెట్టే తమ్ముళ్లే, పుల్ల కాడికి వచ్చేసరికి చేతికి దొరికిందాన్ని పట్టుకొని వాయిస్తున్నరు. డప్పు గొంతుల సగం ఆ పుల్లదే. అందుకే ఇయ్యాల సిర్ర గురించి, సిటికెన పుల్ల గురించి చెప్తున్న.

కుడిచేతి సిర్ర పొట్టిగ, లావుగ ఉండి దెబ్బ వేస్తది. ఎడమచేతి సిటికెన పుల్ల సన్నగ ఉండి తాళం పలికిస్తది. ఒకదానికి బరువు కావాలె, ఇంకోదానికి వంగి లేచే గుణం కావాలె. రెంటికీ ఒకటే కట్టె పనికిరాదు.

సిర్రకు నేనైతే చింత చేవనే ఎంచుకుంట. మన పెద్దలు రోకళ్లు, గానుగలు చింతతో చేసుకున్నది ఊరికెనే కాదు, ఎంత కొట్టినా పగలదు. చింత దొరకకుంటె తుమ్మ. మన మంచిర్యాల దిక్కు టేకు ఎక్కువ గనుక చాలామంది దాన్నే చెక్కుకుంటరు. టేకు తలుపులకు మంచిది, తోలు డప్పుకు కాదు. ఘనమీటరు టేకు దాదాపు 650 కిలోలు తూగుతది, చింత చేవ 900 దాటుతది. ఆ తేడా దెబ్బల తెలుస్తది. టేకుతో గుమ్మనే లోతు రాదు, కొన కూడా తొందరగ నలుగుతది. నిర్మల్ బొమ్మలు చేసే పొనికి కట్టె అసలే వద్దు, అది దూది లెక్క తేలిక.

సిర్ర కట్టెకు పైన తెల్లగ ఉండే పొర చెక్కి తీసెయ్యండి, పురుగు పట్టేది దానికే. రంపంతో కోసేకంటే గొడ్డలితో చీల్చుకుంటె నార పొడుగు పొంటి నిలుస్తది, సిర్ర అడ్డంగ విరగదు. పచ్చి కట్టెతో దెబ్బ మొద్దుగ పడ్తది. నీడకే ఆరబెట్టాలె. ఎండల పెడితే పైపొర ముందు ఆరి, లోపల ఆరక పగుళ్లిస్తది. ఆరిందా లేదా అనుమానముంటె బండ మీదికి జారవిడవండి. ఆరినది ఖంగుమంటది, పచ్చిది దబ్బుమంటది.

సిటికెన పుల్లకు వెదురును మించింది లేదు. మూడేండ్లు దాటిన బొంగు, చలికాలం కొట్టింది చూసుకోండి. లేత బొంగుకు పురుగు తొందరగ పడ్తది. పైన మెరిసే చర్మం చెక్కెయ్యకండి, గట్టి నారంత అక్కడనే ఉంటది. కణుపు నడిమిట్ల రావొద్దు, వస్తే పుల్ల అక్కడ వంగదు.

అమెరికాల టర్కీ కోళ్ల వేటగాళ్లు రాతి పలక మీద కట్టె పుల్లతో గీసి పెట్టకోడి కూత తెప్పిస్తరు. పలక అదే ఉన్నా పుల్ల మారితే గొంతు మారుతదని సంచిల రకరకాల పుల్లలు పెట్టుకుంటరు. మనకూ ఆ అలవాటు కావాలె. ఇప్పుడు ఫైబర్ డప్పులు వచ్చినయి, మంటకు కాపే పని తప్పింది. వాటి మీద చింత సిర్ర కీచుగ పలుకుతది. అక్కడ మాత్రం తేలిక కట్టె, టేకైనా సరే, వాడుకోండి.

ఏ సిర్రకైనా కొనను గుండ్రంగ, నున్నగ రుద్దాలె. మంటకు కాగి బిర్రుగున్న తోలును పదునంచు ఒక్క దెబ్బకు చింపుతది. ఇనుప చువ్వతో ఎన్నడూ కొట్టకండి. వార్నిష్ పూస్తే చెమటకు చేయి జారుతది, కొంచెం అవిసె నూనె రుద్దితే చాలు.

కట్టె కోసం కవ్వాల అడవికి పోకండి. అది 2012 నుంచి పులుల అభయారణ్యం, అక్కడ చెట్టు నరికితే కేసయితది. సామిల్లు కాడ, వడ్లాయన దుకాణంల మిగిలిన చింత, తుమ్మ ముక్కలు అడగండి. వెదురు బద్దలకు బుట్టలల్లే మేదరి అన్నలను అడగండి, ముదురు బొంగు ఏదో వాళ్లకు తెలిసినట్టు ఇంకెవరికీ తెల్వదు. పండుగ ముందటి రోజుదాకా ఆగకుండ, ఈ వారమే రెండు జతలు చేసి ఆరబెట్టుకోండి.