మా ముత్తాత ఎవరి కొడుకు?

 

మా ముగ్గురినీ కలిపి మాట్లాడమన్నారు. మేం అన్నదమ్ముల పిల్లలం. ఒకరం బడిలో టీచరు, ఒకరం పత్తి వేసుకునే రైతు, ఒకరం హైదరాబాద్‌లో ఉద్యోగం. చరిత్ర చదివినవాళ్లం ఎవరమూ కాదు. మా ఇంట్లో ఒక పెళ్లి మాటల దగ్గరే ఆగిపోయింది. ఎందుకు ఆగిందో తెలుసుకోబోయి ఈ వంశం లెక్కలో పడ్డాం. అదే మీకు చెప్తాం.

మన గోండుల్లో నలుగురు, ఐదుగురు, ఆరుగురు, ఏడుగురు అన్నదమ్ముల సగలు ఉన్నాయని మీకు తెలుసు. మెస్రం వాళ్లు ఏడుగురి సగ. ఒకే సగలో ఉన్న ఇంటిపేర్ల వాళ్లు ఎన్ని తరాలు గడిచినా అన్నాచెల్లెళ్లే, వాళ్ల మధ్య పెళ్లి లేదు. మా చిన్నాన్న కూతురికి ఒక సంబంధం వచ్చింది. ఇద్దరూ ఒకరినొకరు ఇష్టపడ్డారు కూడా. అబ్బాయి తరఫు పెద్దమనుషులు అమ్మాయి సర్టిఫికెట్ చూసి, ఇంటిపేరు చదివి, "సగ ఒకటే, కుదరదు" అని లేచి వెళ్లిపోయారు. వాళ్లది తప్పు కాదు. కాగితం మీద ఉన్న ఇంటిపేరు నిజంగా వాళ్ల సగదే. మా చెల్లెలు ఆ రాత్రి ఒక్క మాటే అడిగింది: "అన్నా, మనం నిజంగా వాళ్లమేనా?"

మాకు జవాబు తెలియలేదు. చిన్నప్పుడు తాత ఏదో వేరే ఇంటిపేరు అనేవాడని మా అందరికీ లీలగా గుర్తు. ఆ పేర్లు రెండూ ఇక్కడ చెప్పం. పెళ్లి ఆ పిల్లల సొంత విషయం.

మొదట కాగితాల వెంట పడ్డాం. మాకు దొరికిన వాటిలో పాతది 1954-55 ఖాస్రా పహాణీ నకలు. మా ఊరిది ఉర్దూలో ఉంది. రిటైరైన ఒక ఉర్దూ మాస్టారు దగ్గర కూర్చుని అక్షరం అక్షరం చదివించుకున్నాం. అందులో మా ముత్తాత పేరు, తర్వాత "వల్ద్", ఆ తర్వాత ఒక పేరు ఉంది. వల్ద్ అంటే ఫలానా వాళ్ల కొడుకు అని. ఆ పేరున్న మనిషి ఇంటిపేరే ఇవాళ మా సర్టిఫికెట్లలో ఉంది. చిన్నాన్న తల పట్టుకున్నాడు. "సర్కారు కాగితంలోనే ఉంది, ఇంక వెతకడానికి ఏముంది?" అన్నాడు.

ఉర్దూ రాత గురించి ఒక మాట చెప్పాలి, మీలో చాలామందికి పనికొస్తుంది. అందులో పొట్టి అచ్చులను మామూలుగా రాయరు. కుమ్ర అని రాసినదాన్ని కమ్ర అనీ, కమర అనీ చదవొచ్చు. ఆ ఉర్దూను చూసి తెలుగులో ఎక్కించిన మనిషి గోండి తెలియనివాడైతే ఇంటిపేరు అక్కడే మారిపోతుంది. భీం పేరు ముందు కుమ్రం, కొమురం, కొమరం అని మూడు రకాలుగా చూస్తూనే ఉన్నాం కదా. అంత పెద్ద మనిషి ఇంటిపేరుకే ఆ గతి పట్టింది, మనమెంత? సంవత్సరాల సంగతీ అంతే. 1364 ఫసలీ అని కనబడితే ఖంగారు పడకండి. 590 కలిపితే 1954 వస్తుంది. ఆ ఫసలీలో జనవరి నుంచి వచ్చే నెలలైతే 591 కలపాలి.

కాగితం తర్వాత మా పర్ధాన్‌జీ దగ్గరికి వెళ్లాం. ఇక్కడ మేం ఒక జాగ్రత్త తీసుకున్నాం. పెళ్లి సంగతి ఆయనకు చెప్పలేదు. మేం కోరుకునే జవాబు ఒకటుంది. అది తెలిస్తే పెద్దాయన మా మీద ప్రేమతో అటు మొగ్గుతాడేమోనని భయం. "మా వంశం వినాలని ఉంది తాతా" అని మాత్రమే అన్నాం. ఆయన కిక్రి తెప్పించుకుని, తీగలు సరిచేసుకుని, చాలాసేపు పాడాడు. సగ పుట్టుక, పెర్సపేన్, ఊళ్ల పేర్లు, తర్వాత మనుషుల పేర్లు. మా ముత్తాత దగ్గరికి వచ్చేసరికి ఇంటిపేరు వేరే. తండ్రి పేరు వేరే. ఊరు కిన్వట్ వైపు. పహాణీలో ఉన్న ఆ మనిషి పేరు కూడా పాటలో వచ్చింది, కానీ తండ్రిగా కాదు, పిల్లనిచ్చిన మామగా.

అంటే మా ముత్తాత ఇల్లరికం వచ్చాడు. మామ ఇంట్లో ఉండి మామ భూమి దున్నాడు. లెక్క రాసుకునే మనిషి వచ్చి "ఈ ఇంటి పెద్ద ఎవరు?" అని అడిగి ఉంటాడు. చెప్పిన పేరే తండ్రి గడిలో పడింది. ఆ తర్వాత బడి రిజిస్టరు, ఓటరు జాబితా, రేషన్ కార్డు, ఆధార్, అన్నీ ఆ ఒక్క గడినే చూసి రాసుకుంటూ వచ్చాయి. పది కాగితాలు ఒకే మాట చెప్తున్నాయని మేం మొదట బెంబేలెత్తాం. తీరా చూస్తే అవి పది సాక్ష్యాలు కావు. ఒకే సాక్ష్యం, పది నకళ్లు.

అయినా పర్ధాన్ పాట ఒక్కటే చాలదనుకున్నాం. అబ్బాయి తరఫు వాళ్లు కూడా అదే అడుగుతారు కదా. అప్పుడు మా తాత చెల్లెలు, మేం అవ్వ అంటాం, ఆవిడ దగ్గర కూర్చున్నాం. మూడు రోజులు ఏవేవో పాత ముచ్చట్లు. నాలుగో రోజు జొన్నరొట్టె చేస్తూ మాటల్లో మాటగా అంది: "మా అన్న మేనమామ కూతుర్నే చేసుకున్నాడు, మా అమ్మ పట్టుబట్టి చేయించింది."

మేం ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. తాత మేనమామ అంటే పహాణీలోని ఆ మామ కొడుకే. తాత కూడా ఆ ఇంటిపేరు వాడే అయితే, ఆ పిల్ల ఆయనకు చెల్లెలు అవుతుంది. అప్పట్లో ఊరి పట్లా, దేవారి, పర్ధాన్ అందరూ నిలబడి ఆ పెళ్లి చేశారు. చెల్లెలితో చేస్తారా? మనకు రిజిస్టర్లు లేవని బాధపడతాం గానీ, మనలో జరిగిన ప్రతి పెళ్లీ ఒక రిజిస్టరే. నాగోబా జాతరలో మెస్రం వాళ్లు కొత్త కోడళ్లను కేస్లాపూర్‌లో దేవుడి ముందు భేటింగ్ చేయిస్తారే, అది కూడా అంతే. ఎవరి కోడలు, ఏ ఇంటి ఆడపడుచు అన్నది అందరి ఎదుటా చెప్పడమే.

తర్వాత కిన్వట్ వైపు ఊరికి వెళ్లాం. ఇప్పుడది మహారాష్ట్ర. కానీ కిన్వట్, రాజురా తాలూకాలు 1956 దాకా మన ఆదిలాబాద్ జిల్లాలోవే. మనకు సరిహద్దు కనబడుతుంది, పర్ధాన్‌జీ పాటలో ఏ సరిహద్దూ లేదు. అక్కడి కటోడాకు ముత్తాత పేరు చెప్పగానే మమ్మల్ని ఒక ఇంటికి తీసుకెళ్లాడు. ముత్తాత అన్న మనుమళ్లు. వాళ్ల సాత్‌బారా మరాఠీలో ఉంది, అందులో ఇంటిపేరు పర్ధాన్‌జీ పాడిందే. ఆ ఇంటి పెద్దాయన మా చేతులు పట్టుకుని, "ఇన్నేళ్లకు పేన్ దగ్గరికి వచ్చారా" అన్నాడు. తాత పోయాక మా వాళ్లు అక్కడికి వెళ్లడం మానేశారు. ఆ మాటకు మేం తలెత్తలేకపోయాం.

అలాగని పర్ధాన్‌జీ చెప్పిందంతా అక్షరాలా నిజమని కూడా అనం. పాటలో ముత్తాత వాళ్లు నలుగురు అన్నదమ్ములు. కిన్వట్ వాళ్ల కాగితంలో ఇద్దరే. అవ్వ కూడా ఇద్దరే అంది. చివరికి తేలిందేమిటంటే, మిగతా ఇద్దరూ చిన్నాయన కొడుకులు. మన మాటలో వాళ్లూ అన్నదమ్ములేగా, పాటలో అలాగే వచ్చారు. ఇక్కడ కాగితమే మాకు సాయం చేసింది. ముత్తాతకు ఐదారు తరాల పైన పాట నేరుగా సగ మూలపురుషుల దగ్గరికి వెళ్లిపోతుంది. మధ్య తరాలు అందులో లేవు. మా వంశవృక్షంలో ఆ చోటు ఖాళీగానే ఉంచాం. హైమన్‌డార్ఫ్ 1948లో అచ్చు వేయించిన రాజ్ గోండుల పుస్తకంలో వెతికి అతికించమని ఒకరు సలహా ఇచ్చారు. అందులో సగల కథలు ఉన్నాయి, మా ఇంటి తరాలు లేవు. అతికించలేదు.

వయసుల లెక్క ఇంకో తలనొప్పి. అవ్వకు ఆధార్‌లో 1950 జనవరి 1. ఆవిడేమో జోడేఘాట్‌లో కాల్పులు జరిగిన ఏడు తనకు నడక వచ్చిందని వాళ్లమ్మ చెప్పేదంటుంది. అది 1940. అంటే ఆధార్ ఆవిడను పదేళ్లకు పైగా చిన్నదాన్ని చేసింది. భీం వర్ధంతి తేదీ మీద కూడా పుస్తకాలు ఒక మాట మీద లేవు, కొన్నింట్లో సెప్టెంబర్ మొదట్లో, కొన్నింట్లో అక్టోబర్ చివర్లో. మనవాళ్లు మాత్రం ఆశ్వయుజ పౌర్ణమికే చేస్తారు. మాలో టీచరుగా ఉన్నవారు పంచాంగం తిరగేశారు. 1940 అక్టోబర్ 1న సూర్యగ్రహణం, అంటే అమావాస్య. తర్వాతి పౌర్ణమి అక్టోబర్ 16 ప్రాంతంలో వస్తుంది. పుస్తకాల్లోని ఆ రెండు తేదీలకూ పౌర్ణమి కుదరదు. అవ్వ నెలలు చెప్పదు, వెన్నెలను బట్టి చెప్తుంది. మీ ఇంట్లో పెద్దవాళ్లను "ఏ సంవత్సరం?" అని అడగకండి. అప్పుడు ఏ పంట చేతికొచ్చింది, ఎవరి పెళ్లి అయింది, దండారికి ముందా తర్వాతా అని అడగండి.

మేం రాసుకున్న వృక్షంలో ముత్తాత పేరు కింద రెండు గీతలున్నాయి. ఒకటి కన్న తండ్రికి, ఒకటి మామకు. మామ పేరు కొట్టేయలేదు. ఆయన భూమే మమ్మల్ని బతికించింది, ఆయన ఇంటిపేరుతోనే మేం చదువుకున్నాం. ప్రతి పేరు పక్కన ఆ మాట ఎవరు చెప్పారో, ఏ కాగితంలో ఉందో రాశాం. ఇంటిపేరు ఏదైనా కులం గడిలో గోండే కాబట్టి రిజర్వేషన్‌కు భయం లేదు. భూమి విరాసత్ మాత్రం పేర్ల తేడాతో ఒక ఆఫీసులో ఇంకా నలుగుతూనే ఉంది. మొన్న కూడా వెళ్లొచ్చాం. ఇంకో అఫిడవిట్ తెమ్మన్నారు.

అబ్బాయి తరఫు పెద్దమనుషులు రాయ్ సెంటర్‌లో కూర్చుని అవ్వ మాట, పాట, సాత్‌బారా అన్నీ విన్నారు. రెండు పూటలు పట్టింది. వాళ్లలో ఒక పెద్దాయన అవ్వను తాత పెళ్లి సంగతి మళ్లీ మళ్లీ, రకరకాలుగా అడిగాడు. ఆవిడ ప్రతిసారీ విసుక్కుంది గానీ, జవాబు మారలేదు. మా చెల్లెలి పెళ్లి వచ్చే వేసవిలో. కిన్వట్ వాళ్లు కూడా వస్తున్నారు.

అవ్వ చెప్పినదంతా ఫోన్‌లో రికార్డు చేశాం. పర్ధాన్‌జీ పాట సగమే రికార్డయింది, బ్యాటరీ అయిపోయింది. ఈ దండారికి ఆయన మా ఊరు వస్తానన్నాడు. మీలో గోండి పాట విని రాయగలిగినవాళ్లు ఎవరైనా ఉంటే ఆ రోజు మాతో కూర్చోండి. ఇద్దరు ఛార్జర్లు తెస్తే మంచిది.