గర్భసంచి ఆపరేషన్ - సంతకానికి ముందూ తరవాతా

(గ్రామస్థాయి ఆరోగ్య కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



తేదీ పెట్టుకుని ఆపరేషన్‌కి వెళ్ళే స్త్రీకి ఆసుపత్రిలో ఏం జరుగుతుందో, ఆమె ఏం అడగవచ్చో చెప్పమని నన్ను పిలిచారు. అన్ని ఆపరేషన్ల గురించీ చెప్పబోవడం లేదు. కాన్పు ఆపరేషన్‌ను పక్కన పెడితే మన పల్లెల్లో ఆడవాళ్ళు ఎక్కువగా చేయించుకునేవి రెండు. ఒకటి కుటుంబ నియంత్రణ ఆపరేషన్, రెండోది గర్భసంచి తీయించుకోవడం. ముఖ్యంగా ఈ రెండోదాని గురించే మాట్లాడతాను.

గర్భసంచి ఆపరేషన్ చాలా మందికి అప్పటికప్పుడు చేయకపోతే ప్రాణం పోయేది కాదు. పాము కరిచిన మనిషికి లేని వెసులుబాటు ఈమెకు ఉంది. ఆలోచించుకోవడానికి రోజులున్నాయి, ఇంకో డాక్టరుకు చూపించుకోవడానికి రోజులున్నాయి. ఇరవై ఏళ్ళకు పైగా ఆడవాళ్ళ వెంట ఆసుపత్రులు తిరుగుతున్నాను. నేను చూసినంతలో ఆమె దగ్గర నుంచి మొట్టమొదట లాక్కునేది ఆ రోజులనే. "ఈ వారంలో తీసెయ్యకపోతే క్యాన్సర్ అవుతుంది" అనే ఒక్క మాట చాలు, ఇంట్లో ఉన్న మేకలు సంతకు పోతాయి.

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ మధ్య స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి సుమారు 3గురు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 మంది, తెలంగాణలో 8 మంది. మన ఆడవాళ్ళ గర్భసంచులు మాత్రమే ఇంత జబ్బు పడ్డాయని ఎవరైనా అంటే నమ్ముదామా? ముప్పై దాటని పిల్లలు కూడా ఇందులో ఉన్నారన్నది మీ మీ ఊళ్ళలో మీకు కనపడుతున్నదే.

దీనికి డాక్టర్లను మాత్రమే తిట్టి ఊరుకుంటే సరిపోదు. ముట్టయిన మూడు రోజులూ కూలికి పోలేని స్త్రీ, పొలంలో చాటు లేని స్త్రీ, తెల్లబట్టతో ఏళ్ళ తరబడి నలిగిపోయి మగ డాక్టరుకు చెప్పుకోలేని స్త్రీ, "పిల్లలు పుట్టారు, ఇంక దాంతో పనేముంది" అని తనే అంటుంది. అత్తా అంటుంది, పక్కింటి వదినా అంటుంది. ఆ మాట అన్నందుకు ఆమెను మనం మందలించవద్దు. కానీ తెల్లబట్టకు చాలాసార్లు మందులతో వైద్యం ఉందనీ, అధిక రక్తస్రావానికి మాత్రలు, హార్మోను ఉన్న లూపు లాంటి దారులు ఉన్నాయనీ ఆమెకు ఎవరూ చెప్పకపోవడం మాత్రం అన్యాయం. అండాశయాలను కూడా తీసేస్తే ఒక్కసారిగా ముట్లుడిగిన దశ వచ్చిపడుతుందని, ఒంట్లో ఆవిర్లు, నిద్రలేమి, చిన్న వయసులోనే ఎముకలు గుల్లబారడం వీటన్నిటికీ అది దారి తీస్తుందని కూడా చెప్పరు.

నాకు బాగా తెలిసిన ఒక కూలి మనిషి సంగతి చెబుతాను. వయసు ముప్పై రెండు. తెల్లబట్ట, నడుంనొప్పి. ఊళ్ళో ఆర్.ఎం.పి. ఆమెను పట్నంలో ఒక నర్సింగ్ హోంకి తీసుకుపోయాడు. స్కానింగ్ తీశారు, గర్భసంచికి పుండు పడిందన్నారు, గురువారం తేదీ ఇచ్చారు, అడ్వాన్సు కట్టించుకున్నారు. ఆదివారం నాడు ఆమె నా దగ్గరకు వచ్చింది, డబ్బు ఎక్కడైనా వడ్డీకి దొరుకుతుందేమోనని. నేను అడిగింది ఒకటే: "స్కానింగ్ కాగితం ఏదమ్మా?" కాగితం ఆమెకు ఇవ్వలేదు. సోమవారం ఇద్దరం వెళ్ళి అడిగాం. అరగంట సణిగి ఇచ్చారు. ఆ కాగితం పట్టుకుని జిల్లా ఆసుపత్రికి పోతే అక్కడ డాక్టరమ్మ పరీక్ష చేసి, ఇన్ఫెక్షన్ అని చెప్పి, భార్యాభర్తలిద్దరికీ మందులు రాసింది. ఆమె గర్భసంచి ఈనాటికీ ఆమె దగ్గరే ఉంది. అడ్వాన్సు మాత్రం తిరిగి రాలేదు.

ఇంకో వైపు కూడా చెప్పాలి. గర్భసంచి కిందికి జారి, దాన్ని చేత్తో లోపలికి తోసుకుంటూ ఎనిమిదేళ్ళు నాట్లు వేసిన ఒక పెద్దమ్మను ఆపరేషన్‌కి ఒప్పించడానికి మేం మూడు నెలలు ఆమె ఇంటి చుట్టూ తిరిగాం. ఆమెకు అది నిజంగా అవసరం. పెద్ద గడ్డలు ఉండి రక్తం తోడేస్తున్నవాళ్ళకు, క్యాన్సర్ తేలినవాళ్ళకు అవసరం. కాబట్టి మన పని ఆపరేషన్లు ఆపించడం కాదు. ఎందుకు చేస్తున్నారో ఆ స్త్రీకి తెలిసేలా చూడటం.

ఇది మనం దయగా అడిగి పుచ్చుకునేది కాదని తెలుసుకోవడానికి ఒక తీర్పు గుర్తు పెట్టుకోండి. 1995లో ఢిల్లీలో సమీరా కోహ్లీ అనే 44 ఏళ్ళ అవివాహిత రక్తస్రావంతో డాక్టరు దగ్గరకు వెళ్ళింది. లోపల గొట్టంతో చూసే పరీక్షకు మత్తు ఇచ్చారు. ఆమె మత్తులో ఉండగానే బయట కూర్చున్న తల్లిని అడిగి గర్భసంచిని, అండాశయాలను, నాళాలను తీసేశారు. ఆమె కోర్టుకెళ్ళింది. 2008 జనవరిలో సుప్రీంకోర్టు ఏం చెప్పిందంటే, వయసొచ్చి, మతి స్థిమితంగా ఉన్న స్త్రీ తరఫున తల్లి ఇచ్చిన అంగీకారం చెల్లదు. ప్రాణాపాయం లేనప్పుడు ఆమెకు మెలకువ వచ్చేదాకా ఆగవలసింది. పరీక్షకు ఒప్పుకుంటే ఆపరేషన్‌కి ఒప్పుకున్నట్టు కాదు, ఒక ఆపరేషన్‌కి ఒప్పుకుంటే ఇంకోదానికి ఒప్పుకున్నట్టు కాదు. నష్టపరిహారంగా ఆమెకు ఇప్పించింది 25 వేల రూపాయలే. పోగొట్టుకున్న దాని ముందు అదెంత! అయినా తల్లి సంతకం చెల్లనప్పుడు మొగుడి సంతకం మాత్రం ఎలా చెల్లుతుంది అని మనం ఈ రోజు అడగగలుగుతున్నామంటే ఆమె కోర్టు మెట్లెక్కడం వల్లే. కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కి కూడా భర్త అనుమతి అక్కర్లేదని ప్రభుత్వ నిబంధనల్లోనే ఉంది. ఆసుపత్రి గుమాస్తా ఆ సంగతి ఎరగనట్టు "మీ ఆయన్ని తీసుకురా" అంటాడు.

డాక్టరు ఏమేం చెప్పాలో కూడా ఆ తీర్పులోనే ఉంది. ఏం చేయబోతున్నారు, ఎందుకు, దానివల్ల లాభమేమిటి, వేరే వైద్యం ఏముంది, ప్రమాదాలేమిటి, వద్దంటే ఏమవుతుంది. ఇవే ప్రశ్నలు మన మాటల్లో మనం అడగాలి. దానికి తోడు, "అండాశయాలు ఉంచుతారా, తీస్తారా?" అన్నది తప్పకుండా అడగండి. చాలామంది స్త్రీలకు ఆపరేషన్ అయిన పదేళ్ళకు కూడా తమ ఒంట్లో ఏముందో, ఏం పోయిందో తెలియదు.

ఇక సంతకం. ఇది మామూలుగా ఎలా జరుగుతుందో మీరు చూసే ఉంటారు. రాత్రి తొమ్మిదింటికో, తెల్లవారి థియేటర్‌కి తీసుకుపోయే ముందో సిస్టర్ ఒక అచ్చు కాగితం తెచ్చి "ఇక్కడ పెట్టమ్మా" అంటుంది. కాగితం ఇంగ్లీషులో ఉంటుంది. ఖాళీలు ఖాళీగానే ఉంటాయి. ఆమె వేలిముద్ర వేస్తుంది. సిస్టర్ తప్పు కాదు, ఆమెకు వార్డులో నలభై మంది. అందుకని ఆ కాగితాన్ని ముందు రోజు పగలే అడగండి. తెలుగులో చదివి వినిపించమనండి, లేదా మీరు చదివి చెప్పండి. ఖాళీలు నింపకుండా సంతకం వద్దు. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో ఇవి ఉన్నాయి: అర్థమయ్యే భాషలో వివరం, ఇంకో డాక్టరు అభిప్రాయం తీసుకునే హక్కు, రేట్లు ముందే తెలుసుకునే హక్కు, మగ డాక్టరు పరీక్ష చేసేటప్పుడు పక్కన ఇంకో స్త్రీ ఉండే హక్కు. సంతకం చేశాక మనసు మారితే థియేటర్ గుమ్మం దగ్గర కూడా వద్దనవచ్చు. ఆరోగ్యశ్రీ లాంటి పథకం కింద చేరినవాళ్ళ దగ్గర చేతి డబ్బు అడిగితే ఆసుపత్రిలోనే ఉండే ఆరోగ్యమిత్ర దగ్గర పేచీ పెట్టండి.

ఆపరేషన్‌కి ముందు రక్తపరీక్ష, బి.పి., షుగరు, గుండె పరీక్ష చేస్తారు. మత్తు డాక్టరు వేరుగా వచ్చి చూడాలి. రక్తం తక్కువ ఉన్నా, ఆయాసం ఉన్నా, ఏ మందు పడకపోయినా, వాడే మాత్రలు ఏవైనా ఉన్నా దాచకుండా చెప్పమనండి. నాటుమందు తింటున్నా సరే. ఆపరేషన్‌కి ఆరు గంటల ముందు నుంచి తిండి మానాలి, చివరి రెండు గంటలు నీళ్ళు కూడా తాగకూడదు. మా దగ్గర ఒకామెకు జాలిపడి వాళ్ళ అత్త చాటుగా ఇడ్లీ పెట్టింది. మత్తులో వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతే చావొస్తుందని ఆ పెద్దావిడకు ఎవరైనా ఒక్క ముక్క చెప్పి ఉంటే పెట్టేది కాదు.

గాజులు, మట్టెలు, ముక్కుపుడక, పుస్తెలు తీసేయమంటారు. పుస్తెల దగ్గర పెద్ద గొడవ అవుతుంది. అపశకునమని ఏడ్చినవాళ్ళను చూశాను. థియేటర్లో రక్తనాళాలను కరెంటుతో మూసే పరికరం వాడతారు, ఒంటి మీద లోహం ఉంటే అక్కడ కాలే ప్రమాదం ఉంది, అందుకే తీయమంటున్నారని చెబితే వింటారు. పసుపుతాడు ఒక్కటి ఉంచమని అడిగితే ఒప్పుకునే సిస్టర్లున్నారు. తీసిన నగలను తోడు వచ్చిన ఆడమనిషి చేతికే ఇవ్వాలి. గోళ్ళరంగు కూడా తుడిచేయాలి, వేలికి క్లిప్పు పెట్టి రక్తంలో ప్రాణవాయువు ఎంతుందో చూస్తారు గనక.

లోపల ఆమె పేరు, చేసే ఆపరేషన్ పేరు మళ్ళీ అడుగుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో పెట్టిన పద్ధతి ఇది. విసుక్కోకుండా గట్టిగా చెప్పమనండి. చాలాసార్లు వెన్నులో సూది ఇస్తారు. నడుం కింద మొద్దుబారుతుంది, ఆమె మెలకువగానే ఉంటుంది. వాళ్ళ మాటలు, నవ్వులు, కత్తెర చప్పుడు అన్నీ వినపడతాయి. తాకినట్టు, లాగినట్టు తెలియవచ్చు గానీ నొప్పి తెలియకూడదు. తెలిస్తే వెంటనే చెప్పాలి. "ఓర్చుకో, కాన్పులు చూసినదానివి కాదా" అని ఎవరైనా అంటే ఓర్చుకోనక్కర్లేదు.

క్యాంపుల సంగతి ఒక్క మాట. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లో బిలాస్‌పూర్ దగ్గర ఒకే రోజు కొన్ని గంటల్లో 83 మంది స్త్రీలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. ఆ రోజుల్లో ఆ చుట్టుపక్కల క్యాంపులన్నీ కలిపి 13 మంది చనిపోయారు. క్యాంపులను మూడేళ్ళలో ఆపేయాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. 2022 ఆగస్టులో, హైదరాబాదుకు కూతవేటు దూరంలోని ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మందికి చేస్తే నలుగురు చనిపోయారు. నలుగురూ చిన్నపిల్లల తల్లులే. అందుకే "అందరూ పోతున్నారు, నువ్వూ పో" అని మన నోటి నుంచి రాకూడదు. ఆ రోజు ఎంతమందికి చేస్తున్నారో అడిగి, ఎక్కువ మంది ఉంటే ఇంకో రోజు రమ్మనడం మన చేతిలో ఉంది. ఇంటికొచ్చాక జ్వరం, ఆగని వాంతులు, పొట్ట ఉబ్బరం ఉంటే తెల్లవారేదాకా ఆగకూడదు. ఆ రాత్రే బండి కట్టించాలి.

గర్భసంచి ఆపరేషన్ తరవాత చలి వణుకు, దాహం, మూత్రానికి గొట్టం మామూలే. మర్నాటికే లేపి నడిపిస్తారు, కాళ్ళలో రక్తం గడ్డకట్టకుండా. అది క్రూరత్వం కాదు. నొప్పికి మందు అడగడం మాత్రం హక్కు. ఆరు వారాలు బిందె ఎత్తకూడదు, గడ్డిమోపు ఎత్తకూడదు, మొగుడి దగ్గర పడుకోకూడదు. ఈ చివరిది ఆమెకు చెప్పి ఉపయోగం లేదు. డాక్టరు నోటితోనే మొగుడికి చెప్పించండి. ఇన్నేళ్ళలో నేను నేర్చుకున్న కిటుకు ఇదే.

గర్భసంచులను అనవసరంగా తీయడం మీద 2013లో వేసిన ఒక ప్రజాప్రయోజన వ్యాజ్యంలో 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కేంద్రం రాసిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. మీ జిల్లాలో అమలు చూసే కమిటీ ఉందా అని జిల్లా వైద్యాధికారికి ఒక ఉత్తరం రాయండి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి.

ఇంకొక్కటి. ఆపరేషన్ అవగానే తీసిన గర్భసంచిని బేసిన్‌లో పెట్టి బయటకు తెచ్చి బంధువులకు చూపిస్తారు. చూసి అందరూ "అమ్మో, ఎంత పాడైందో" అనుకుంటారు. రక్తంతో ఉన్న ఏ మాంసం ముక్కయినా అలాగే ఉంటుంది. అది పాడైందో లేదో చెప్పేది బయాప్సీ. దాన్ని పరీక్షకు పంపారా అని అక్కడే అడగండి. కేసు కాగితాలు రాసి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. బయాప్సీ రిపోర్టు మాత్రం వారం పది రోజులకు గానీ రాదు, అప్పటికి ఆమె ఇంట్లో మంచం మీద ఉంటుంది, ఇంట్లోవాళ్ళు ఇంకో రోజు కూలి పోగొట్టుకుని దాని కోసం తిరగరు. ఆ రిపోర్టు తేవడానికి మనలో ఒకరం వెళ్దాం. డిశ్చార్జి రోజునే ఎవరు వెళ్ళాలో పేరు రాసిపెట్టుకోండి.