మన బిడ్డల పని, వారి జీతము

(పాస్టరేటు కుటుంబ సదస్సులో చేసిన ప్రసంగ పాఠము)



"మేము" అంటే ఎవరమో ముందుగా చెప్పుకోవాలి. ఈ సంఘంలో ఎదుగుదల లోపాలున్న బిడ్డలు గల అయిదు కుటుంబాల తల్లిదండ్రులము. ఆ బిడ్డలలో ఇద్దరికి డౌన్ సిండ్రోమ్, ఒకరికి ఆటిజం. మిగిలిన ఇద్దరికి బుద్ధిమాంద్యం అని డాక్టర్లు రాసిచ్చారు. బిడ్డలు అంటున్నాము గాని అందరిలోకి చిన్నవాడికి 22 ఏళ్లు, పెద్దదానికి 37. మన గుడిలో వీరిని ఇప్పటికీ సండే స్కూలు పిల్లల వరుసలోనే కూర్చోబెడుతున్నారు. ప్రేమతోనే చేస్తారని మాకు తెలుసు. అయినా మీసాలు వచ్చినవాడిని పసిపిల్లల మధ్య కూర్చోబెట్టటంలోనే మేము ఈ రోజు చెప్పదలచిన సంగతి సగం ఉన్నది.

మా వాళ్లలో ఒక అబ్బాయి మూడేళ్లపాటు పట్టణంలో ఒక దుకాణంలో పనిచేశాడు. ఉదయం 9 గంటలకు వెళ్లి రాత్రి 8 గంటలకు వచ్చేవాడు. అట్టపెట్టెలు విప్పటం, మడతపెట్టి కట్టలు కట్టటం, సామాను మేడమీదికి మోయటం అతని పని. మధ్యాహ్నం భోజనం, సాయంత్రం టీ, క్రిస్మసుకు ఒక జత బట్టలు ఇచ్చేవారు. జీతమనేది లేదు. శనివారం నాడు చేతిలో 50 రూపాయలు పెట్టేవారు. "ఇంట్లో ఊరకే కూర్చునేకంటే ఇక్కడ కాలక్షేపంగా ఉంటాడు గదా" అన్నారు. మేము చేతులు జోడించి వచ్చాము.

ఒకనాడు సరకు లెక్క కుదరలేదు. "నువ్వే తీశావా?" అని గద్దించి అడిగితే ఆ అబ్బాయి ఔనన్నాడు. ఎవరు గట్టిగా అడిగినా ఔననటం అతని అలవాటు. అలా అంటే ఎదుటివారి కోపం త్వరగా చల్లారుతుందని చిన్నప్పుడే నేర్చుకున్నాడు. ఇటువంటి బిడ్డలలో చాలామంది అంతే. తండ్రి వెళ్లి, తీయని వస్తువుకు క్షమాపణ చెప్పి, కొడుకును ఇంటికి తెచ్చుకున్నాడు. రెండు నెలల తరువాత ఆ సరకు వెనుక గదిలోనే దొరికిందట. ఆ మాట మాకు బయటివారి ద్వారా తెలిసిందే గాని, పిలిచి చెప్పినవారు లేరు. హాజరు పట్టీలో పేరు లేదు, జీతం రాసిన కాగితం లేదు. అతడు అక్కడ పనిచేశాడనటానికే రుజువు లేనప్పుడు ఎవరిదగ్గర మొరపెట్టుకుంటాము? తప్పు దుకాణం వారిదొక్కరిదే అనము. జీతం అడగటానికి సిగ్గుపడిన మాది కూడా.

చట్టం సంగతి కొంచెం చెప్పాలి, విసుగనుకోకండి. 1948 నాటి కనీస వేతనాల చట్టంలో 26వ సెక్షను ఒకటి ఉండేది. వికలాంగులైన పనివారి జీతాలకు ఆ చట్టం వర్తించదని ఆదేశించే అధికారాన్ని అది ప్రభుత్వానికి ఇచ్చింది. కూలి ఇంతకు తగ్గరాదని గీత గీసిన చట్టమే, వీరి దగ్గరకు వచ్చేసరికి ఆ గీతను చెరిపే వీలు ఉంచింది. ఆ చట్టం స్థానంలో వేతనాల కోడ్ 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. పాత సెక్షను పుస్తకంలోనుండి పోయింది. మన మనసుల్లోనుండి పోయిందా అంటే మాకు అనుమానమే. ద్రాక్షతోట పనివారి ఉపమానం మీకందరికీ తెలిసినదే. చివరి గంటకు వచ్చినవాడి చేతిలో కూడా యజమాని పెట్టినది దేనారమే, పాత చొక్కా కాదు.

ఉద్యోగాల రిజర్వేషన్ల కథ కూడా ఇటువంటిదే. 1995 నాటి చట్టం బుద్ధిమాంద్యాన్ని వైకల్యంగా గుర్తించింది గాని, ప్రభుత్వోద్యోగాలలో ఇచ్చిన 3 శాతాన్ని అంధులకు, బధిరులకు, అవయవ లోపమున్నవారికి పంచి ఊరుకున్నది. 2016లో చేసి 2017 ఏప్రిల్ 19 నుండి అమలుపరచిన వికలాంగుల హక్కుల చట్టం 4 శాతం చేసింది. అందులో ఒక్క శాతాన్ని ఆటిజం, బుద్ధిమాంద్యం, చదువు నేర్చుకోవటంలో లోపం, మానసిక రోగం ఉన్నవారు, ఒకటికంటే ఎక్కువ వైకల్యాలున్నవారు అందరూ కలిసి పంచుకోవాలి. ఒక రొట్టెకు ఇందరు. అయినా పంపకంలో మన బిడ్డల పేరు పలికారు, అంతవరకు సంతోషమే. ప్రైవేటు యాజమాన్యాలకు ఇంతమందిని తీసుకోమనే నిర్బంధం లేదు. కాని ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానాన్ని రాసి ప్రకటించాలని 21వ సెక్షను చెబుతున్నది. మన బడులు, ఆసుపత్రులు, హాస్టళ్లు కూడా సంస్థలే.

ఇక మాకు మేలుచేసిన సంగతికి వస్తాము. పూర్వపు పద్ధతిలో ముందు శిక్షణ, తరువాత ఉద్యోగం. కొవ్వొత్తులు, కాగితపు కవర్లు, ఫినాయిలు చేయటం ఏళ్ల తరబడి నేర్పుతారు, ఆ "తరువాత" మాత్రం రాదు. 1970, 80 దశకాలలో అమెరికాలో కొందరు దీనిని తిరగవేశారు. ముందు నిజమైన పనిచోట, నిజమైన జీతంమీద చేర్చటం, ఆ పైన అక్కడే పక్కన నిలబడి నేర్పటం. 1986లో వారి చట్టంలోనే దీనికి చోటు దొరికింది. పక్కన నిలబడేవారిని జాబ్ కోచ్ అంటారు. మన సికింద్రాబాదులోనే, మనోవికాస్ నగర్‌లో, మానసిక వికలాంగుల కొరకు 1984లో స్థాపించిన జాతీయ సంస్థ ఉన్నది, పేరు తరువాత మారింది. మా కుటుంబాలలో రెండు అక్కడికి వెళ్లివచ్చినవే.

ఆ దుకాణం అబ్బాయే ఇప్పుడు నాలుగేళ్లుగా ఒక అచ్చాఫీసు బైండింగు విభాగంలో ఉన్నాడు. బిల్లు పుస్తకాలు 25 చొప్పున కట్ట కట్టాలి. అతనికి పదికి పైన లెక్క రాదు. మాలో రిటైరైన ఒక తండ్రి మొదటి మూడు వారాలు రోజంతా అతని పక్కనే కూర్చున్నారు. 25 పుస్తకాలు పేర్చితే ఎంత ఎత్తు వస్తుందో చూసి, అంత ఎత్తున ఒక చెక్క చట్రం చేయించారు. పుస్తకాలు అంచుకు వస్తే కట్ట నిండినట్టు. లెక్క వచ్చినవారు కూడా ఇప్పుడు ఆ చట్రమే వాడుతున్నారు! తరువాత ఆయన వారానికి రెండు రోజులు, ఆపైన నెలకు ఒకసారి వెళ్లారు.

మాకు తెలిసివచ్చినదేమంటే, పని దగ్గర చిక్కు తక్కువ. చిక్కంతా పని చుట్టూ ఉంటుంది. రోజూ ఎక్కే బస్సు రాకపోతే మరొకటి ఎక్కాలని తోచక మూడు గంటలు స్టాపులో నిలబడ్డాడు. తోటివారు బూతుమాట నేర్పి మేనేజరు గారి ముందు అనిపించారు. ఫోర్‌మన్ మారిన వారం ఎవరి మాట వినాలో తెలియక మూలన కూర్చున్నాడు. ప్రతిసారీ ఎవరో ఒకరు వెళ్లి ఒక రోజు పక్కన ఉండవలసి వచ్చింది. ఆ ఒక రోజు లేకపోతే ఉద్యోగం పోయేది. తోడు అనేది మొదటి నెలతో తీరేది కాదని యజమానులకు, మనకు కూడా తెలియాలి.

జీతం కనీస వేతనానికి తగ్గకుండా అతని పేరున ఉన్న ఖాతాలోనే పడుతున్నది. మొదటి నెల అమ్మకు చెప్పులు కొన్నాడు, సైజు సరిపోలేదు. ఆమె మార్చనివ్వలేదు. ఒక ఒప్పుకోలు కూడా చేయాలి. మాలోనే ఒక ఇంట్లో బిడ్డ జీతమంతా రెండేళ్లపాటు ఇంటి ఖర్చులో కలిసిపోయింది. ఆ బిడ్డ ఒక ఐస్‌క్రీము అడిగితే "డబ్బులెక్కడివి?" అన్నాము.

ఆడబిడ్డల తల్లుల భయం వేరు. పంపకపోవటమే క్షేమమని మేమూ అనుకున్నాము. 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం ప్రకారం, పదిమంది, అంతకు మించి పనిచేసేచోట ఫిర్యాదుల కమిటీ ఉండాలి. మానసిక వైకల్యంవల్ల తాను ఫిర్యాదు చేసుకోలేని స్త్రీ తరఫున బంధువు, స్నేహితురాలు, ప్రత్యేక ఉపాధ్యాయిని కూడా చేయవచ్చు. సాధారణంగా గడువు మూడు నెలలు. బిడ్డను చేర్చేనాడే ఆ కమిటీలో ఎవరున్నారో అడగండి. ముఖం చిట్లించే యజమాని దగ్గర చేర్చకండి.

ఇంకొక భయం పింఛనుది. "ఉద్యోగం చేస్తే మా తరువాత వాడికి ఫ్యామిలీ పింఛను రాదేమో" అని బిడ్డను ఇంట్లోనే ఉంచిన టీచర్లు, గుమాస్తాలు మనలో ఉన్నారు. కేంద్ర ప్రభుత్వోద్యోగుల విషయంలో 2021లో నిబంధన సడలించారు. ఇతర ఆదాయమంతా కలిపి, రావలసిన మామూలు రేటు ఫ్యామిలీ పింఛనుకంటే, అనగా చనిపోయిన ఉద్యోగి చివరి జీతంలో 30 శాతంకంటే తక్కువగా ఉంటే, వికలాంగుడైన బిడ్డకు అర్హత ఉంటుంది. దీనిపై కరువు భత్యం కూడా లెక్కలోకి వస్తుంది. ఇతర ఉద్యోగుల నిబంధనలు వేరు. మీ పింఛను కార్యాలయంలో రాతమూలకంగా అడిగి, జవాబు కాగితం దాచుకోండి. మరొక మాట. బిడ్డకు 18 ఏళ్లు నిండితే తల్లిదండ్రులమైనంత మాత్రాన మనం చట్టరీత్యా సంరక్షకులం కాము. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా స్థాయి కమిటీకి దరఖాస్తు చేసుకోవచ్చు.

శతవార్షికోత్సవ సంవత్సరంలో మన అధ్యక్ష ఖండం పెద్దలను మేము భవనం అడగటంలేదు. మన బడులలో, ఆసుపత్రులలో, హాస్టళ్లలో ఒక్కొక్క పని అడుగుతున్నాము. లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టటం, లైబ్రరీలో పుస్తకాలు వరుసన పెట్టటం, వంటశాలలో కూరలు తరగటం. హాజరు పట్టీలో పేరుతో, పూర్తి జీతంతో. పక్కన కూర్చోవటానికి మేము వస్తాము, మా ఖర్చుమీదనే. రిటైరైనవారు ఇంకెవరైనా కలిసివస్తే సంతోషిస్తాము. ప్రతి నెల రెండవ ఆదివారం ఆరాధన తరువాత సండే స్కూలు గదిలో కూర్చుంటున్నాము. బిడ్డ సదరం సర్టిఫికెట్టు, ఆధార్ కార్డు, రెండు ఫోటోలు తెచ్చుకోండి. యూడీఐడీ కార్డు లేనివారి దరఖాస్తు అక్కడే నింపుతాము. బిడ్డను కూడా వెంట తీసుకురండి, ఏ పని ఇష్టమో ముందు ఆ బిడ్డనే అడగాలి.