వంటయింటి వేషరంగులు

పాఠశాల వార్షికోత్సవమో, కృష్ణాష్టమియో సమీపించినదనగానే ఇంటిలో వేషముల సందడి మొదలగును. పట్టుపంచె పెట్టెలో దొరకును. నెమలిపింఛమును పొరుగువారు ఎరువిత్తురు. చిక్కెల్ల ముఖమునకు పూయు రంగుతోనే. బజారునుండి తెచ్చిన పొట్లములో ఏమి కలిసియున్నదో మనకు తెలియదు. పూయబోవునది పసివారి లేతచర్మమునకు. అందుచేత ఆ రంగులను వంటయింటిలోనే సమకూర్చుకొను విధమును నేడు ముచ్చటింతము.

మన కూచిపూడి భాగవతులును, వీధిభాగవతులును ముఖమునకు అర్దళము పూసికొనుచుండిరి. దీపపు వెలుగున అది బంగారువలె మెరయును. కాని అర్దళము పాషాణమును గంధకమును కలిసిన ఖనిజము. సిందూరము సీసమునుండి చేయబడునది. వెనుకటి తెల్లరంగులు పెక్కింటిలో కూడ సీసమే యుండెడిది. నేడు ఈ సంగతి తెలిసియుండియు పిల్లలకు వానిని పూయుట తగదు. బిడ్డలు పెదవులు నాకుదురు. చేతులతో కన్నులు నులుముకొందురు. కావున మనకు ఒక్కటే నియమము: పొరపాటున నోటిలో పడినను హాని చేయని వస్తువునే ముఖమునకు పూయవలెను.

మొదట తెలుపు. మెత్తని బియ్యపుపిండిని వస్త్రగాళితము పట్టి, 2 చెంచాల పిండికి 1 చెంచా కొబ్బరినూనె చేర్చి నూరవలెను. అన్ని రంగులకు ఇదియే ఆధారము. పసుపుఛాయకు దీనిలో చిటికెడు పసుపు చాలును. పసుపులో సీసపురంగు కలిపెడి కల్తీ కలదు గనుక, నమ్మకమైనచోట కొన్న పసుపునే వాడవలెను.

ఎరుపునకు బీట్‌రూట్ దుంపను తురిమి రసము పిండవలెను. రసము నీరువంటిది, నూనెలో కలియదు. కావున ముందుగా దానితో బియ్యపుపిండిని తడిపి, నీడన ఆరబెట్టి, పొడిచేసి జల్లించి, ఆ పిమ్మట నూనెతో నూరవలెను. ఈ ఎరుపునకు పసుపు జోడించినచో హనుమంతుని వేషమునకు సిందూరపుఛాయ వచ్చును.

కృష్ణునికి నీలము కావలెను గదా! గుడ్డలకు పెట్టు నీలిమందు చర్మమునకు తగదు. పెరటిలోని నీలి శంఖపుష్పములను వేడినీటిలో నానవేసిన ఆ నీరు చక్కని నీలమగును. దానితోను పై విధముననే పిండిని తడిపి ఆరబెట్టవలెను. నిమ్మరసము మాత్రము తగులనీయరాదు. తగిలినచో నీలము ఊదారంగునకు తిరుగును.

మీసములకు, కనుబొమలకు చాదు ఉండనే యున్నది. సగ్గుబియ్యమును మూకుడులో నల్లగా మాడ్చి, నీరు పోసి చిక్కబడువరకు కాచి, కొబ్బరిచిప్పలో పోసి ఆరబెట్టిన అదియే చాదు. తడివేలితో రుద్ది దిద్దవచ్చును. ముసలివేషమునకు బిడ్డను నొసలు ముడువమని, ఆ ముడుతలవెంబడియే గీతలు దిద్దిన సహజముగా నుండును. నెరసిన జుట్టునకు పొడి బియ్యపుపిండియే చాలును. చల్లునప్పుడు కన్నులు, నోరు మూయించవలెను.

ఒక హెచ్చరిక. పసుపునకు సున్నము చేర్చిన క్షణములో ఎరుపెక్కును. ఆ పారాణి పెద్దల పాదములకు తగునేమో గాని పసివారి చెక్కిళ్లకు తగదు. సున్నము లేతచర్మమును కాల్చును. ఏ రంగునైనను ముందురోజు మోచేతి లోపలివైపు కొంచెము రాచి చూడవలెను. దురదగాని దద్దురుగాని కనిపించిన దానిని విడువవలెను. కనురెప్పల అంచులకు ఏదియు పూయరాదు.

కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల సెంటిగ్రేడు దాటిన కరగును. దీపముల వేడికి ముఖము జిడ్డుదేరును. పూత పైని పొడిపిండిని పలుచగా అద్దిన రంగు నిలుచును. ఆట ముగిసిన వెంటనే నూనెతో తుడిచి, శనగపిండితో కడుగవలెను. పసుపుఛాయ ఒకటి రెండు రోజులు నిలిచినను భయము లేదు. ఈ రంగులు బజారురంగులవలె నిగనిగలాడవు; కాని మరునాడు బిడ్డ ముఖము తేటగా నుండుటకంటె తల్లిదండ్రులకు కావలసిన దేమి?