తగవు తీర్చే ఖర్చు సర్కారే పెట్టాలి

(మండల కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మన పల్లెల్లో తగవులెట్లా పుడతాయో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. పక్కింటి చూరునీళ్ళు మన గోడకు పడతాయి. అన్నదమ్ములకు అరెకరం గట్టు దగ్గర మాటామాటా వస్తుంది. చీటీ పాడినవాడు డబ్బు కట్టడు. ఇవి నేరాలు కావు. కానీ తీర్చకుండా వదిలేస్తే తలకాయలు పగిలేదాకా పోతాయి. వీటిని మనం ఎవరి దగ్గరకు తీసుకెళ్తున్నాం?

మొదటి దారి ఊరి పెద్దమనుషుల పంచాయితీ. వాళ్ళు అరుగు మీద, మనం కింద. రెండు పక్షాలూ ముందు డబ్బు కట్టాలి. తప్పు వేస్తే ఆ డబ్బుకు లెక్కా ఉండదు, కాగితమూ ఉండదు. రేపు కూలి పెంచమని అడిగితే, "మొన్న మీ ఇంటి గొడవ తీర్చింది మేం కాదా?" అంటారు. మన నోరు మూయించడమే ఆ తీర్పు ధర.

రెండో దారి పోలీసుస్టేషను. గట్టు తగవు, బాకీ తగవు తీర్చే అధికారం స్టేషనుకు లేదు. అయినా పలుకుబడి ఉన్నవాడు అక్కడే తేల్చుకుంటాడు.

మూడో దారి కోర్టు. 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షను కింద ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం హక్కుగా ఉంది. ఈ సంగతి మన వాళ్ళలో చాలామందికి తెలియదు, తెలియజెప్పాలి. కానీ వకీలు ఉచితంగా దొరికినా, వాయిదా వాయిదాకూ పోయే కూలి ఎవరిస్తారు?

అందుకే మనం నాలుగో దారి అడుగుతున్నాం: ప్రభుత్వ ఖర్చుతో నడిచే మధ్యవర్తిత్వం. మధ్యవర్తి తీర్పు చెప్పడు, తప్పు వెయ్యడు. ఇద్దర్నీ సమానంగా కూర్చోబెట్టి వింటాడు. వాళ్ళే ఒప్పుకున్న మాటను రాయించి, చదివి వినిపించి, సంతకాలు పెట్టిస్తాడు. కుదరకపోతే లేచి రావచ్చు, కోర్టు తలుపు తెరిచే ఉంటుంది.

ఇది మన ఊహ కాదు. 2023లో పార్లమెంటు మధ్యవర్తిత్వ చట్టం చేసింది. దాని 43, 44 సెక్షన్లు ఊళ్ళో, పేటలో శాంతికి భంగం కలిగించే తగవుల గురించే. రెండు పక్షాలూ ముందే ఒప్పుకుంటే, న్యాయసేవల సంస్థకు దరఖాస్తు పెడితే, ముగ్గురు మధ్యవర్తులను నియమించాలి. అయితే 2023 అక్టోబరు 9న ఆ చట్టంలో కొన్ని సెక్షన్లే అమల్లోకి తెచ్చారు. ఆ జాబితాలో 43, 44 లేవు. పైగా ఈ ఒప్పందానికి కోర్టు డిక్రీకి ఉన్న బలం ఉండదని చట్టమే చెబుతోంది. అంటే అది మనుషుల నమ్మకం మీదే నిలబడాలి. పెత్తందారు కూర్చున్న చోట మనకు నమ్మకం ఎక్కడిది?

ఇక్కడే డబ్బు సంగతి వస్తుంది. "సేవకు జీతమెందుకు?" అని కొందరు అడుగుతున్నారు. మేము పంతుళ్ళం, బడి అయ్యాక సాయంత్రాలు తగవులు తీరుస్తూనే ఉన్నాం. మాకు నెల జీతం ఉంది కాబట్టి కూర్చోగలుగుతున్నాం. మాకంటే బాగా తగవు తీర్చగల ఆడకూలీలు ప్రతి పల్లెలో ఉన్నారు. వాళ్ళు కూర్చుంటే ఆ పూట పొయ్యి వెలగదు. జీతం లేని పెద్దరికం ఎప్పుడూ భూమి ఉన్నవాడికే దక్కుతుంది. డబ్బు ఎవరు పెడితే మాట వాళ్ళది. అందుకే ఆ డబ్బు అందరిదీ కావాలి, సర్కారుదే కావాలి.

ఇంకో మాట సూటిగా చెప్పుకోవాలి. రాజీ అనే మాట వింటే మనకు భయం. ఆ భయం న్యాయమైనదే. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేద్కర్ ఊరి వ్యవస్థను అంత గట్టిగా ఎందుకు ఎండగట్టాడు? ఊరి న్యాయం ఎవరి న్యాయమో ఆయన అనుభవించి తెలుసుకున్నాడు. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపితే, దాన్ని చెరువు నీళ్ళ గొడవ అన్నవాళ్ళున్నారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపితే, సినిమాహాల్లో కాలు తగిలిన గొడవ అన్నారు. అవి తగవులు కావు, దాడులు. దాడికి మధ్యవర్తి ఉండడు. దాడికి కేసు ఉంటుంది, శిక్ష ఉండాలి. కొత్త చట్టం మొదటి షెడ్యూలు కూడా నేర విచారణలను మధ్యవర్తిత్వానికి బయటే ఉంచింది. సాంఘిక బహిష్కరణ కూడా 2015 సవరణ తర్వాత అట్రాసిటీ చట్టం కింద నేరమే. "కూర్చుని మాట్లాడుకుందాం" అంటూ కేసు వెనక్కి తీసుకోమంటే ఒప్పుకోవద్దు.

డబ్బు లేదని సర్కారు అంటే చుండూరును గుర్తు చేద్దాం. మన పోరాటం వల్ల ప్రత్యేక కోర్టు ఆ ఊళ్ళోనే కూర్చుంది. 2007లో శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలు కొట్టేసింది, ఆ గాయం మానలేదు. కానీ న్యాయం మన గడప దగ్గరకు రాగలదని ఆ ఊరు చూపించింది.

మన డిమాండ్లు ఇవి:

1. 43, 44 సెక్షన్లను ప్రతి మండలంలో అమలు చెయ్యాలి. మధ్యవర్తులకు రోజు భత్యం, శిక్షణ, గది, రిజిస్టరు ప్రభుత్వమే ఇవ్వాలి.

2. ఆ ఖర్చు న్యాయశాఖ బడ్జెట్టు నుంచి రావాలి. 2013లో కొట్లాడి తెచ్చుకున్న సబ్ ప్లాన్ డబ్బు ఇటు మళ్ళించొద్దు.

3. ఆడవాళ్ళకు, ఇతర వర్గాలకు ప్రాతినిధ్యం "పరిశీలించవచ్చు" అని చట్టం అంటోంది. మనం "ఇచ్చి తీరాలి" అంటున్నాం. ముగ్గురిలో ఒక ఆడమనిషి, మన పల్లె మనిషి ఒకరు తప్పనిసరి.

4. కూర్చునే చోటు బడి కావాలి, పంచాయతీ ఆఫీసు కావాలి. గుడి అరుగు వద్దు, పెత్తందారు వరండా వద్దు.

5. కులదాడి, ఆడవాళ్ళ మీద హింస మధ్యవర్తుల ముందుకు రాకూడదు. వస్తే కేసు పెట్టడానికి సాయం చెయ్యాలి.

ఇవ్వాళ ఇళ్ళకు వెళ్ళాక ఒక పని చేద్దాం. ప్రతి పల్లెలో ఒక నోటుబుక్కు పెడదాం. మూడు నెలలపాటు ఏ తగవు వచ్చింది, ఎక్కడికి పోయింది, ఎంత ఖర్చయింది, ఎన్ని కూలిరోజులు పోయాయి, అన్నీ రాద్దాం. మనుషుల పేర్లు వద్దు, లెక్కలు చాలు. ఆ లెక్కలతో మండల న్యాయసేవల కమిటీకి, ఎమ్మెల్యేకు అర్జీ పెడదాం. అర్జీ ఇచ్చి ఊరుకోవద్దు, రసీదు తీసుకుందాం. జవాబు రాకపోతే అందరం కలిసి వెళ్ళి అడుగుదాం.

మన తగవు మన మధ్య సమానంగా తీరాలి. మన మీద దాడి కోర్టులో తేలాలి. ఈ రెంటినీ కలిపేవాడిని నమ్మొద్దు.

జై భీమ్!