ఆమ్లము వలన గలుగు కంఠస్వరదోషములు
(వార్షిక మహాసభ రెండవనాటి యుపన్యాసము)



విద్యార్థివేతనములు, వసతిగృహము మున్నగు విషయములను గూర్చి పెద్దలు నిన్ననే ప్రసంగించియున్నారు. నేను కంఠవైద్యుడను గాన మీ గొంతుకలను గూర్చియే మాటలాడెదను. మనలో నుపాధ్యాయులు, న్యాయవాదులు, హరికథకులు, సంతలలో సరకు లమ్ముకొనువారు పెక్కురు గలరు. వీరికి గొంతుకయే మూలధనము. అది చెడినచో సంసారమే తలక్రిందులగును.

కొన్ని యేండ్ల క్రిందట మన బంధువర్గములోని హరికథకు డొకడు నాయొద్దకు వచ్చెను. ఉదయము లేచునప్పటికి గొంతుక బొంగురు, మాటిమాటికి సవరించుకొనుట, ఏదో యుండ యడ్డుపడినట్లు తోచుట, పైస్థాయి యందకుండుట. మిరియాల కషాయము త్రాగెను, కరక్కాయ బుగ్గ నుంచుకొనెను, ఫలము లేకపోయెను. రొమ్ములో మంట గలదా యని యడిగితిని. లేదనెను. రాత్రి భోజన మెప్పుడని యడుగగా, కథ ముగించి మంగళము పాడిన పిదప, పండ్రెండు గంటలకు, ఆవకాయతోడను పులుసుతోడను కడుపునిండ భుజించి వెంటనే పరుండుదునని చెప్పెను. రోగము గుట్టు సగ మచటనే బయటపడెను. తక్కిన సగము గొంతులోనికి చూచినగాని తెలియదు. చూడగా స్వరపేటిక వెనుకభాగ మెఱ్ఱబారి వాచియుండెను.

ఇది యెట్లు సంభవించునో వినుడు. జీర్ణకోశములో హైడ్రోక్లోరిక్ ఆమ్లమును, 1836లో ష్వాన్ పండితుడు కనుగొనిన పెప్సిన్ అను జీర్ణరసమును గలవు. జీర్ణకోశమునకును గొంతుకకును నడుమ సుమారు 25 సెంటీమీటర్ల అన్ననాళము గలదు. దాని పైకొనను, క్రిందికొనను కండరద్వారములు కాపున్నవి. ఇవి సడలినపుడు ఆ రసము పైకెగసి కంఠమును జేరును. ఆమ్లము నోర్చుకొను శక్తి అన్ననాళమునకు కొంత గలదు. స్వరపేటికకు మిక్కిలి తక్కువ. కావుననే రొమ్ముమంట యేమియు లేకయే గొంతుక చెడవచ్చును. మాటలాడునపుడు స్వరతంత్రులు పురుషులకు సెకండునకు నూరుసార్లకు పైగను, స్త్రీలకు ఇన్నూరుసార్ల వరకును కంపించును. వాని యంచున నించుక వాపు గలిగినను నాదము చెడును.

1854లో మాన్యుయెల్ గార్సియా యను సంగీతోపాధ్యాయుడు అద్దముల సాయమున తన స్వరతంత్రులను తానే చూచెను. నేడు సన్నని దీపపునాళముతో కొలది నిమిషములలో వానిని చూడవచ్చును. 1968లో చెర్రీ, మార్గులీస్ అను వైద్యులు స్వరపేటికలోని యొకవిధమగు పుండ్లకు ఆమ్లము కారణమని వ్రాసిరి. 1991లో కాఫ్‌మన్ అను వైద్యురాలు ఈ వ్యాధిని విపులముగ వర్ణించెను.

ఇక చికిత్స. మొదటిది పథ్యము. నిద్రకు మూడు గంటల ముందే భోజనము ముగింపవలయును. కారము, వేపుడు, పులుపు, కాఫీ తగ్గింపవలయును; పొగాకు, మద్యము మానవలయును. మంచపు తలవైపు కోళ్లక్రింద ఆరంగుళముల దిమ్మెల నుంచవలయును. దిండ్లు పేర్చినంత మాత్రమున చాలదు. నడుము వంగి పొట్ట యదుముకొనును. ఎడమప్రక్కకు తిరిగి పరుండుట మేలు. రెండవది గొంతుకకు విశ్రాంతి. గొంతు సవరించుకొనునపుడు స్వరతంత్రు లొకదానినొకటి మోదుకొనును. అట్లు తోచినపుడు గుక్కెడు నీరు త్రాగుడు. గుసగుసలాడుటయు విశ్రాంతి కాదు.

మూడవది యౌషధము. ఇచ్చట నొక హెచ్చరిక గలదు. 2021లో బ్రిటనులో ప్రకటింపబడిన పరిశోధనలో 346 మందిని రెండు వర్గములుగ జేసి, ఒక వర్గమునకు ఆమ్లమును తగ్గించు లాన్సోప్రజోల్ మందును, రెండవదానికి వట్టిమందును 16 వారము లిచ్చి చూచిరి. రెండు వర్గములకును ఇంచుమించు సమానముగనే మేలు కలిగెను! రొమ్ముమంట గలవారికి ఇట్టి మందులు మేలుచేయును గాని, ప్రతి బొంగురుగొంతుకకును నవి మందు కావు.

నా హరికథకుడు సాయంకాలము ఆరుగంటలకే భుజించి కథకు లేచుట యలవరచుకొనెను. నడుమున బిగించు కండువాను వదులు చేయించితిని. నాలుగు మాసములకు పైస్థాయి మరల నందెను.

మరియొకని కథ యట్లు ముగియలేదు. అతడు పొగత్రాగువాడు. గొంతుక బొంగురుపోగా, ఒక మందులయంగడివారి మాటపై ఆమ్లపు మాత్రలు ఆరుమాసములు మ్రింగి, పిదప వచ్చెను. చూడగా స్వరతంత్రిపై పుట్టకురుపు. అది తొలిదశలో చికిత్సకు చక్కగ లొంగు జబ్బు. ఆరుమాసముల యాలస్యముచే స్వరపేటికనే తీసివేయవలసివచ్చెను. అతడు బ్రతికియున్నాడు, ఈ సభలోనే యున్నాడు. తనను గూర్చి చెప్పుమని చేసైగతో నన్ను కోరినవా డతడే.

కావున సోదరులారా! బొంగురు నాలుగు వారములు దాటినచో, పొగత్రాగువారికి అంతకు ముందే, గొంతుకను చూపించుకొనుడు. మ్రింగుట కష్టమైనను, నెత్తురు పడినను, మెడలో గడ్డ కనబడినను ఒక్కదినమైన జాగు చేయవలదు.

దాతలకొక మనవి. ప్రతి వార్షికసభయందును ఒకపూట కంఠపరీక్షకు కేటాయింపుడు. నాళమును నేను తెత్తును, ప్రతిఫలము కోరను. వంటశాలవారికి మరియొక మనవి: నేటి విందు రాత్రి ఏడుగంటలకే వడ్డింపుడు.