సభ ముఖం చూడని మంత్రివర్గం

(అమలాపురంలో పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన కోనసీమ మద్రాసు రాష్ట్రంలో ఉన్ననాటి సంగతి ఒకటి మనవి చేస్తాను. 1937 ఎన్నికలలో శాసనసభలోని 215 స్థానాలకు గాను కాంగ్రెసు 159 గెలిచింది. కానీ, గవర్నరు తన ప్రత్యేకాధికారాలతో జోక్యం చేసుకోనని హామీ ఇస్తేనే పదవులు స్వీకరిస్తామన్నది. ఆ హామీ రాలేదు. అప్పుడు గవర్నరు ఎర్‌స్కిన్ మన ఏలూరులో పుట్టిన కూర్మా వెంకటరెడ్డి నాయుడు గారిని పిలిచారు.

ఏప్రిల్ 1న మంత్రివర్గం ఏర్పడింది. పన్నీర్‌సెల్వం, ఎం.సి. రాజా వంటి పెద్దలు అందులో ఉన్నారు. అనుభవానికి కొదవ లేదు. లేనిదల్లా సభలో బలమే. ఒక్కరోజైనా సభ ఎదుట నిలబడకుండానే జూలై 14న రాజాజీ మంత్రివర్గానికి చోటిచ్చి తప్పుకున్నది.

1984 మనలో చాలామంది సర్వీసులో ఉండగా చూసినదే. ఆగస్టు 16న ముఖ్యమంత్రి అయిన నాదెండ్ల భాస్కరరావు గారు సభలో బలం నిరూపించుకోలేక నెల రోజులకే దిగిపోయారు. సెప్టెంబరు 16న రామారావు గారు తిరిగి వచ్చారు. మంత్రివర్గం బలం తేలవలసింది రాజ్‌భవన్‌లో కాదు, సభలోనేనని 1994లో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

మిత్రులారా! ఏటా బతికే ఉన్నామని ట్రెజరీకి రుజువు చూపితేనే మన పెన్షను సాగుతుంది. మనబోటి వారికే ఆ నియమం ఉన్నప్పుడు, మంత్రివర్గానికి ఉండవద్దా? మన మనుమలు ఓటు వేసే ముందు ఈ మాట వారికి చెప్పండి. సెలవు.